బావ గెలిచిన వాదన

మా బావ పోయాడు. పోయిన మంగళవారం, నేను ఖమ్మంలో మా బడిలో ఎనిమిదో తరగతికి పాఠం చెబుతుండగా హెడ్మాస్టరు గారి గదిలోని ఫోనుకు కబురు వచ్చింది. చేసింది బావ తమ్ముడు. "అన్న పొద్దుగాల పదింటికి పోయిండు. వదిన నీకు చెప్పుమన్నది. జర జల్ది రా," అని రెండు ముక్కలు చెప్పి పెట్టేశాడు. రెండు నెలలుగా ఎదురుచూస్తున్న కబురే. ఎదురుచూసినంత మాత్రాన ఏమీ తేలిక కాలేదు. తరగతికి తిరిగి వెళ్లి, బోర్డు మీద సగం గీసిన బొమ్మ పూర్తిచేసి, పిల్లలను చూసి రాసుకోమని చెప్పి, అప్పుడు బయటికి వచ్చి ఏడ్చాను.

రైలులో కూర్చున్నాక ఒక చిక్కు వచ్చింది. మనిషి పోయినప్పుడు అనుకునే మాటలు మనకు కొన్ని ఉంటాయి. పుణ్యాత్ముడు అంటాం. దేవుడు తీసుకుపోయాడంటాం. ఏ లోకాన ఉన్నా చల్లగా ఉండాలంటాం. బావ విషయంలో వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు. ఏ మాట అనుకోబోయినా ఆయన తల కొంచెం పక్కకు వంచి, "నువ్వు చూసినవా మరదలా?" అని అడుగుతున్నట్టే ఉంది. డోర్నకల్ దాటింది, మహబూబాబాద్ దాటింది. వరంగల్ స్టేషన్ వచ్చేదాకా వెతికినా ఆయన ఒప్పుకునే మాట ఒక్కటే మిగిలింది. పోయాడు. అంతే.

బావ అంటే మా అక్క భర్త. హనుమకొండలో ఒక కాలేజీలో ఫిజిక్స్ ల్యాబులో అసిస్టెంటు. పాఠం చెప్పే ఉద్యోగం కాదు. విద్యార్థులు చేసే ప్రయోగాలకు సామాను సర్దిపెట్టడం, చెడిపోయినవి బాగుచేయడం, సాయంత్రం లెక్కచూసి అల్మారాల్లో పెట్టి తాళం వేయడం ఆయన పని. వరంగల్‌లో మగ్గం మీద బతికిన ఇల్లు వాళ్లది. ఆ ఇంట్లో చదువుకుని నౌకరీ చేసిన మొదటి మనిషి ఆయన.

డెబ్బైల మొదట్లో నేను జనగామ పక్కన మా ఊరి నుంచి డిగ్రీ చదవడానికి వాళ్లింటికి వచ్చాను. ఆడపిల్లకు ఇంటర్ చాలన్నారు మావాళ్లు. బావే వచ్చి రెండు రోజులు మా అరుగు మీద కూర్చుని, గొంతు పెంచకుండా, విసుక్కోకుండా వాళ్లను ఒప్పించాడు. వరంగల్ బస్టాండు నుంచి నా ట్రంకుపెట్టెను సైకిలు వెనక కట్టి నడిపించుకుంటూ వస్తూ అడిగాడు.

"సైన్సు ఎందుకు తీసుకుంటున్నవు?"

"మార్కులు మంచిగ వచ్చినయి బావా."

"మార్కులకైతే ఏదైన ఒకటే. ఉన్నది ఉన్నట్టు తెల్సుకోవాల్నని ఉంటెనే తీసుకో. లేకుంటే వద్దు. ఊకె కష్టపడుతవు."

ఆ రోజు ఆ మాట నాకు అర్థం కాలేదు. ఊరికే కష్టపడటం అంటే ఏమిటో తర్వాత ఆయననే చూసి తెలుసుకున్నాను.

ఏ కొలతనైనా మూడుసార్లు చూస్తేగానీ కాగితం మీద పెట్టనిచ్చేవాడు కాదు బావ. "మొదటిసారి నీకు కావాల్సింది కనవడుతది. రెండోసారి నువ్వు భయపడ్డది కనవడుతది. మూడోసారి చూస్తే ఏమున్నదో గది కనవడుతది," అనేవాడు. ఇంట్లోనూ అంతే. ఎవరికైనా ఒళ్లు వెచ్చబడితే థర్మామీటరు మూడుసార్లు పెట్టాలి. "నువ్వు మూడోసారి చూసేవరకు జరమే తగ్గిపోతది," అని అక్క నవ్వేది. ఆ రోజుల్లో అక్క చాలా నవ్వేది. ఈ సంగతి రాయకపోతే, తర్వాత రాయబోయేది చదివినవాళ్లు ఆమెను ఎప్పుడూ ఏడ్చే మనిషి అనుకుంటారు.

ఆయన దేవుణ్ని నమ్మడని వాడకట్టంతా తెలుసు. అయినా ఆయనతో ఎవరికీ పేచీ లేదు. ఒకరి ఇంటి పూజను వెక్కిరించడం, ప్రసాదం ఇస్తే తోసేయడం ఆయనకు తెలియదు. ఇచ్చింది తినేవాడు, బాగుంటే ఇంకొంచెం అడిగేవాడు. అడిగినవాళ్లకు మాత్రం తను అనుకున్నది చెప్పేవాడు. అలా ఎక్కువగా అడిగేది వాళ్ల నాయనే. ముసలాయన చివరిదాకా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునేవాడు. ఒక ఆదివారం పగటిపూట వాళ్లిద్దరి మధ్య నడిచిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తు.

"బట్ట ఉన్నదంటే నేసెటోడు ఉండాలె గదరా? గింత పెద్ద లోకం నేసెటోడు లేకుంటనే వచ్చిందా?" అన్నాడు ముసలాయన.

"నేసెటోడుంటే మంచిదే బాపూ. మరి పోగు తెగితే నువ్వేం జేస్తవు?"

"ఆపి ముడేస్త."

"ఈడ ఎన్ని పోగులు తెగుతలేవు? బాలింతలు పోతాన్రు, పసిపిల్లలు పోతాన్రు. వాన లేక ఊర్లకు ఊర్లు పోతున్నయి. మగ్గం ఆపినోడు లేడు, ముడేసినోడు లేడు. నేసెటోడున్న మగ్గం లెక్క అనిపిస్తలేదు నాకు."

ముసలాయన చేతిలోని నాడె పోగుల మధ్య నాలుగుసార్లు అటూ ఇటూ పోయింది. అప్పుడు తల ఎత్తకుండానే అన్నాడు. "తెగిన పోగు నీకే కనవడ్డదా? ఆయనకు కనవడదా? జర ఓపిక పట్టు."

"ఎన్ని దినాలు బాపూ?"

ముసలాయన మళ్లీ నాడె అందుకున్నాడు. కోపం రాలేదు. కాసేపటికి ఇద్దరూ ఒకే పళ్లెంలో పల్లీలు ఒలుచుకుని తిన్నారు.

ఇంకో సంగతి. మా వాడకు ఒకసారి ఒక స్వామి వచ్చాడు. ఉత్త చేతులు ఊపి విభూతి తీసి ఇచ్చేవాడు. ఆయన వెళ్లిపోయాక బావ మా వాకిట్లో నలుగురినీ కూర్చోబెట్టి, గంజిలో తడిపి ఎండబెట్టిన విభూతి ఉండను వేళ్ల సందున దాచుకుని, అచ్చం అలాగే చేసి చూపించాడు. అందరూ నవ్వారు. ఒక ముసలమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె కొడుకు మగ్గాల పనికని బొంబాయి దగ్గరి భీవండి పోయి ఏళ్లయింది, జాడ లేదు. కొడుకు తిరిగి వస్తాడని చెప్పి స్వామి ఆమె చేతిలో విభూతి పోసి వెళ్లాడు. ఆమె ఆ పొట్లాం పట్టుకుని అడిగింది.

"గట్లయితే నా కొడుకు రాడా బిడ్డా?"

బావ చేతిలో ఉండ పొడి అయిపోయింది. ఆ తర్వాత ఆ ఆట ఆయన ఎన్నడూ ఆడలేదు. ఆమె తరఫున భీవండిలో తెలిసినవాళ్లకు, తెలియనివాళ్లకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. రెండేళ్లు రాశాడు. చివరికి ఒక జవాబు వచ్చింది. ఆ మనిషి జబ్బుచేసి ఎప్పుడో పోయాడని ఉంది అందులో. ఇంకొకరైతే ఏదో ఒకటి కల్పించి చెప్పేవారు. బావ ఆమె పక్కన నేల మీద కూర్చుని, ఉన్న ముక్కలు ఉన్నట్టే చదివి వినిపించాడు. ఆమె ఏడుపు ఆగేదాకా అక్కడే కూర్చున్నాడు. ఇంటికి వచ్చి నాతో అన్నాడు: "అబద్ధం చెప్తే ఆమె ఇంకో పదేండ్లు వాకిలి దిక్కు చూస్తది. గది దయ కాదు మరదలా." నేను అవునన్నాను. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. నిజం చెప్పడంలో ఉన్న దయ ఒక్కటే కనిపించే వయసు అది.

అక్కా బావలకు ఒక్కతే కూతురు. నేను వాళ్లింటికి వచ్చేనాటికి రెండేళ్లది. నా చేతుల్లో పెరిగింది. దానికి మాటలు వచ్చినప్పటి నుంచి ప్రశ్నలే. ఒకసారి తండ్రినే అడిగింది.

"బాపూ, దేవుడు లేడని నీకెట్ల ఎరుక?"

"ఎరుక లేదు బిడ్డా. ఉన్నడన్నోల్లు నాకు చూపియ్యలే. గంతే."

"మరి అమ్మకు ఎవరు చూపిచ్చిన్రు?"

"అది మీ అమ్మనే అడుగు," అన్నాడు. అది నిజంగానే వెళ్లి అడిగింది. అక్క రొట్టె కాలుస్తూ, "చూపిస్తేనే నమ్మేది నమ్ముడేందే, గది చూసుడు," అంది. ఐదో తరగతి చదివిన అక్క చెప్పిన ఆ మాట విని బావ గది లోపలి నుంచే గట్టిగా నవ్వాడు. మెచ్చుకుని నవ్వాడు.

పిల్లకు ఏడేళ్లప్పుడు గొంతునొప్పి, జ్వరం వచ్చి తగ్గాయి. మూడు వారాల తర్వాత మోకాళ్లు వాచాయి. దవాఖానలో డాక్టరు దాని గుండె మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. గుండెలో ఒక కవాటం దెబ్బతిన్నదని, మూడు వారాలకొకసారి సూది వేయించాలని, కొంచెం పెద్దయ్యాక హైదరాబాదులో ఆపరేషన్ చేయించాలని చెప్పాడు. సూది వేయించుకున్న రోజు అది కుంటుకుంటూ నడిచేది. మెట్లెక్కితే ఆయాసం. పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. గోడకు ఆనుకుని కూర్చున్న తండ్రి ఛాతీ మీద వీపు వాల్చి కునుకు తీసేది. కదిలితే అది లేస్తుందని బావ అలాగే ఉండిపోయేవాడు.

డిగ్రీ, బి.ఎడ్. అయి నేను అప్పటికి వరంగల్‌లోనే ఒక చిన్న బడిలో చెబుతున్నాను. ఒక సాయంత్రం బావ నాతో మెల్లగా అన్నాడు. "కండ్లకు కనవడని పురుగట. గొంతుల దూరి గుండె మీదికి తెచ్చింది. లోకాన్ని దేవుడే చేసిండంటే గీ పురుగును గూడ ఆయననే చెయ్యాలె గదా. ఒక మనిషి కూసోని ఇసుంటి పురుగును తయారుచేసి పసిపిల్లల మీదికి ఇడిస్తే మనం ఆయనకు దండం పెడ్తమా?"

పక్కన బియ్యం ఏరుతున్న అక్క తల ఎత్తింది. "పురుగును చేసినోనికే తీసేసుడు గూడ ఎరుకుంటది. ఇంకెవరిని అడుగుమంటవు నన్ను?"

ఆ రోజే ఆమె వేములవాడ రాజన్నకు కోడెను కడతానని మొక్కుకుంది. ఆ మొక్కు తీర్చేటప్పుడు ఆలుమగలు కోడె తాడు పట్టుకుని గుడి చుట్టూ తిప్పి, కట్టేసి వస్తారు. బావ రానని అనలేదు. సెలవు పెట్టాడు. బస్సులో మూడు గంటలు పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. అక్కా పిల్లా స్నానం చేసి తడిబట్టలతో వచ్చేదాకా గుడి గుండం గట్టున పొడిబట్టలు పట్టుకుని నిలబడ్డాడు. తాడు చేతికి ఇచ్చేటప్పటికి మాత్రం చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"పట్టు," అంది అక్క.

"నేను పట్టుకుంటే అబద్ధమైతది. ఆయన లేకుంటే తాడుతోటి పని లేదు. ఉంటే, నేను నమ్మకుంట పట్టుకున్నట్టు ఆయనకు ఎరుకనే ఉంటది. ఎట్ల చూసినా నేను పట్టుకుంటే ఫాయిదా లేదు. నువ్వు పట్టుకో. నేను నీ పక్కనే నడుస్త."

"లెక్కలు జెప్పకు. బిడ్డ కోసం పట్టు."

చుట్టూ జనం. వెనకవాళ్లు తొందరపెడుతున్నారు. అప్పుడు పిల్ల ఆయన చొక్కా అంచు పట్టుకుని లాగింది. "జర పట్టుకోరాదు బాపూ."

ఆయన దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. "నేను నీకు ఎన్నడన్న అబద్ధం చెప్పిన్నా బిడ్డా?"

అది ఆలోచించి, లేదని తల ఊపింది. తర్వాత తనే వెళ్లి తల్లి పక్కన తాడు కొస పట్టుకుంది. సగం దూరం నడిచేసరికి ఆయాసం వచ్చింది. బావ దాన్ని ఎత్తుకున్నాడు. మిగతా చుట్టు అంతా అలాగే నడిచారు. ముందు కోడె, పక్కన అక్క, ఆమె వెనక బావ, ఆయన చంకలో పిల్ల, పిల్ల పిడికిట్లో తాడు. తాడుకూ ఆయన చేతికీ మధ్య జానెడు దూరం కూడా లేదు. వాళ్ల వెనకే నడుస్తున్న నేను ఆ జానెడు చోటునే చూస్తూ నడిచాను. నిజాయితీ గల మనిషి అని గర్వపడ్డాను. ఇప్పుడు ఆ గర్వం తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ తర్వాత రెండు నెలలు పిల్ల బాగా తిరిగింది. రాజన్న చూశాడంది అక్క. బావ ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు. వానలు పడ్డాక మళ్లీ జ్వరం. ఈసారి కాళ్లు వాచాయి, పెదవులు నల్లబడ్డాయి. హైదరాబాదు తీసుకెళ్లాం. ఆపరేషన్‌కు ముందు జ్వరం తగ్గాలన్నారు. జ్వరం తగ్గలేదు. పదకొండో రోజు పొద్దున, తండ్రి ఛాతీకి వీపు ఆనించి కూర్చునే, పిల్ల పోయింది. పోయిందని ఆయనకు తెలుసు. అయినా చాలాసేపు కదలలేదు. అప్పటికి దానికి తొమ్మిదేళ్లు.

దవాఖాన వరండాలో అక్క ఏడవలేదు. బావ ఎదురుగా వచ్చి నిలబడి, "నువ్వు తాడు పట్టలే," అంది. ఒక్కసారే అంది. ఆ తర్వాత పదేళ్లలో మళ్లీ ఆ మాట ఆమె నోట రాలేదు. రావలసిన పని లేకపోయింది.

ఇలాంటిది జరిగాక ఆమె దేవుణ్ని వదిలేస్తుందనుకున్నాను. అలా కాలేదు. మునుపటికంటే గట్టిగా పట్టుకుంది. పిల్ల దేవుడి దగ్గరే ఉందని, తను చేసే ప్రతి ఉపవాసం అక్కడ దానికి అందుతుందని నమ్మింది. ప్రతి శుక్రవారం బావ కాలేజీకి వెళ్లేముందు బజారుకు పోయి, మూర మల్లెపూలు ఆకులో కట్టించుకుని తెచ్చి ఆమెకు ఇచ్చేవాడు. పూజకేనని తెలిసి, ఆ పూజ అందుకునేవాడు లేడని అనుకుంటూనే తెచ్చేవాడు. పూలు ఏరేవాడు కూడా, వాడినవి ఉంటే మార్పించేవాడు. నేను చూసిన భక్తిలో దానికి మించింది లేదు. భక్తి అనే మాట ఆయనకు నచ్చదు గనక వెనక్కి తీసుకుంటున్నాను.

పిల్ల పోయి ఏడాదయిన రోజున చుట్టాలంతా వెళ్లిపోయాక అక్క ఆయన ముందు కూర్చుంది.

"నేనేం అడుగ. ఒక్క మాట అను. మన బిడ్డ ఏడనో ఒక కాడ ఉన్నదను. నువ్వు నమ్మకున్నా మంచిదే. ఒక్కసారి నీ నోటితోటి అను."

ఆయన నోరు తెరిచాడు. నేను చూశాను. మాట రాలేదు. లేచి వెళ్లి వాకిట్లో నిండి ఉన్న బకెట్టును వంపి, మళ్లీ నింపుతూ కూర్చున్నాడు. అక్క "రాయి" అంది. ఆ ఒక్క మాటే అని పడుకుంది.

ఆ రోజు నాకు ఆయన మీద పట్టరాని కోపం వచ్చింది. మర్నాడు కాలేజీకే వెళ్లాను. ల్యాబులో ఒంటరిగా, విద్యార్థుల కోసం లోలకాలకు దారాలు కడుతున్నాడు.

"ఒక్క మాట అంటే ఏం పోతుండె బావా? ఆమె బతికేది గదా ఆ మాట మీద."

"అందామనే నోరు తెరిచిన," అన్నాడు. "రాలే. అహంకారం అనుకుంటున్నవు నువ్వు. కాదు. బిడ్డ ఏడనో ఉండాల్నని నాకెంత ఆశ ఉన్నదో ఎరుకేనా? ఆశ ఉన్న కాడనే ఎక్కువ అనుమానపడాలెనని పిల్లలకు దినాం చెప్తున్న గదా."

దారం ముడి బిగించి, గుండును వదిలాడు. అది ఊగుతుంటే చూస్తూ అన్నాడు. "మీ అక్కకు తిట్టెటందుకన్న ఒకడున్నడు. ఎందుకు తీస్కపోయినవని అడిగెటందుకు ఉన్నడు. నాకు వాడు గూడ లేడు మరదలా. నేనెవరిని అడగాలె? పురుగునా?"

ఊగుతున్న గుండును పట్టి ఆపి, ఆయనే మళ్లీ అన్నాడు. "తాడు పట్టుకుంటే బిడ్డ బతికేదని నేను అనను. ఎన్నిసార్లు ఎట్ల చూసినా అట్ల తేలుతలేదు. కానీ పట్టుకుంటే మీ అక్కకు నేను మిగిలేటోన్ని. గది నేను లెక్కల తీసుకోలే. దేవుని దిక్కు చూసుకుంట ఆలోచించిన, పెండ్లాం దిక్కు చూడలే."

పెళ్లయి ఖమ్మం వచ్చాక కూడా సెలవులకు వెళ్లినప్పుడల్లా వాళ్లిద్దరినీ చూశాను. మాట్లాడుకునేవాళ్లు, అన్నం వడ్డించుకునేవాళ్లు, ఒకరి జ్వరానికి ఒకరు కూర్చునేవాళ్లు. కానీ వాళ్ల మధ్య అప్పటి జానెడు చోటు అలాగే ఉండిపోయింది. నేను మాత్రం ఆయన దగ్గర ప్రశ్న నేర్చుకున్నాను, ఆయన నిబ్బరం నేర్చుకోలేకపోయాను. అక్కలా నమ్మలేను. ఆయనలా నమ్మకుండా నిలబడనూ లేను. నా పిల్లలకు జ్వరం వస్తే మందు వేస్తాను, మొక్కుకుంటాను, రెంటికీ సిగ్గుపడతాను.

ఈ ఎండాకాలం ఆయనకు కడుపులో గడ్డ ఉందని తేలింది. కోసి చూసి, చేసేదేమీ లేదని మళ్లీ కుట్టేశారు. సెలవు పెట్టి వెళ్లాను. మంచం మీద చిక్కి సగమయ్యాడు. అక్క బయటికి వెళ్లగానే నా చేయి పట్టుకున్నాడు.

"మీ అక్క మొక్కుకుంటలేదు."

నాకు అర్థం కాలేదు.

"నా సంగతి డాక్టరు చెప్పిన కాడికెల్లి ఒక్కపొద్దు లేదు, పూజ లేదు. శుక్రవారం పూలు ఎవరితోనన్న తెప్పించాల్నా అంటే వద్దన్నది. నువ్వు జర మాట్లాడు."

ఆమె వచ్చాక ఆయనే మళ్లీ ఎత్తాడు. "నా కోసమని ఒక మొక్కు మొక్కుకోరాదు," అన్నాడు. బతిమాలుతున్నాడు.

అక్క గ్లాసులో నీళ్లు పోస్తూ అంది. "బిడ్డను అడిగితే ఇచ్చిండా?"

"బిడ్డ ఆయన కాడ ఉన్నదంటివి గదా."

"అన్న. పదేండ్లు అన్న. నిన్ను కోసిన నాడు దవాఖానల కూసోని అడుగుదామని చేతులు జోడిస్తే, అవుతలి దిక్కు ఎవ్వలు లేనట్టు అనిపించింది. ఉత్త గోడ. అంటే ఇన్నేండ్లు గూడ గోడనే. నువ్వే నిజమన్నవు. నీ మాటనే గెలిచింది తీయ్."

"నాకోసం గాదే. నేను పోయినంక నీకు మాట్లాడుకునెటందుకు ఎవరన్న ఉండాలె గదా."

"లేనోనితోటి మాట్లాడుమంటవా?" అంది అక్క. గొంతులో కోపం లేదు. అలసట కూడా లేదు. కూర ఏం వండాలో అడిగినట్టు అడిగింది. నీళ్లు తాగించి, ఆయన మూతి తుడిచి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

బావ కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. ఆయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. "నిన్న ఆమెకు చెప్పిన," అన్నాడు. "వేములవాడ పోదాం, మంచం మీద పండవెట్టి తీస్కపో, ఈసారి తాడు నేను పట్టుకుంట అన్న. నవ్వింది."

"నమ్ముతున్నవా బావా?"

"లేదు. అబద్ధమే. అప్పుడు ఆడాల్సిన అబద్ధం, ఇప్పుడు ఆడుదామనుకున్న. ఇప్పుడు అక్కర లేకపాయె." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. "నా బతుకంత ఒక్క వాదన నడిపిన మరదలా. ఇన్నేండ్లకు గెలిచిన. గెలుసుడు గింత ఘోరం ఉంటదనుకోలే."

ఆయన తన ఆలోచన మార్చుకుని పోలేదు. అది రాయడం నా బాధ్యత, ఎందుకంటే అప్పుడే చుట్టాల్లో ఒకరిద్దరు, చివరికి దేవుణ్ని తలుచుకునే పోయాడని చెప్పుకుంటున్నారు. అది నిజం కాదు. ఆయనకు కడదాకా అటు వైపు ఏమీ కనిపించలేదు. తనకు కనిపించనిది ఆమెకైనా మిగిలితే బాగుండునని ఒక్కటే కోరుకున్నాడు. అది కూడా దక్కలేదు.

మంగళవారం సాయంత్రం నేను వెళ్లేసరికి వాకిట్లో వాదులాట నడుస్తోంది. మంత్రం, తంతు వద్దని బావ ఎప్పుడో చెప్పి ఉంచాడు. పెద్దవాళ్లు అక్క చుట్టూ చేరారు. "వాడు నమ్మకపాయె బిడ్డా. నువ్వు నమ్మేదానివి గదా. నీకోసమన్న జేపిద్దాం," అని బావ మేనత్త బతిమాలింది.

"ఎవరికని చేపిస్తవు అత్తమ్మా?" అంది అక్క.

అది కోపం కాదని తెలిసి మేనత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. శ్మశానంలో బావ తమ్ముడు నిప్పు పెట్టాడు. కాలేజీ నుంచి వచ్చిన పాత విద్యార్థులు దూరంగా వరసగా నిలబడ్డారు. మంత్రం లేని చోట ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. నాకూ తెలియలేదు. ఆయన నేర్పినట్టు, కట్టెలు కాలడం చూస్తూ నిలబడ్డాను. మొదట అందులో నాకు కావాల్సింది వెతికాను. తర్వాత భయపడ్డది చూశాను. ఆఖరికి, కట్టెలు కాలుతున్నాయి, అంతే.

నేను చదివిన చదువు ఆయన పెట్టింది. బోర్డు ముందు నిలబడి "ఇది నాకు తెలియదు" అని పిల్లలతో అనగలిగే ధైర్యం ఆయనది. ఈ రుణం తీర్చుకునే చోటు ఏదైనా ఉందని అనుకుంటే బాగుండును. ఆయన మరదలిని గనక అనుకోలేను.

శుక్రవారం పొద్దున, ల్యాబు అల్మారాల తాళంచెవులు ఇంకా ఇంట్లోనే ఉన్నాయని గుర్తొచ్చి, వాటిని కాలేజీలో ఇచ్చి రావడానికి అక్కా నేనూ ఆటోలో హనుమకొండ బయల్దేరాం. దారిలో ఒక గుడి ముందుకు రాగానే ఆటో నడిపే ఆయన ఒక చేయి హ్యాండిల్ మీది నుంచి తీసి కళ్లకు అద్దుకున్నాడు. నా పక్కన అక్క కుడిచేయి లేచింది. ముప్పై ఏళ్ల అలవాటు, ఆమె ప్రమేయం లేకుండానే లేచింది. గుండె దాకా వచ్చి, అక్కడ ఆగింది. గుడి వెనక్కి పోయింది. ఆ చేతిని దించాలో పైకి తీసుకెళ్లాలో తెలియనట్టు, ఎవరిదో చేతిని చూస్తున్నట్టు, అక్క దాన్నే చూస్తూ కూర్చుంది.